తెల్లవైపు

నేను ఒక వైపు మాత్రమే మాట్లాడగలిగిన గుడ్డను. రెండో వైపు నాకు నోరు లేదు. ఈ లోపం పుట్టుకతో వచ్చింది కాదు, ఒక దర్జీ ముచ్చటపడి పెట్టింది. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు నా పేరు చెప్పాలి కదా. గిరివరం టౌను పోలీస్ స్టేషన్లో నన్ను బ్యానరు అనేవాళ్ళు. సున్నంబట్టీల పేట నూకరత్నం మాత్రం నన్ను తెర అంది. ఎందుకో ఆమె పెట్టిన పేరే నాకు అంటుకుపోయింది. అది తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా పోగులు బిగుసుకుంటాయి.

గిరివరం మెయిన్ బజారులో ఒక బట్టల కొట్టు ఉండేది. అక్కడ ఒక మందపాటి తానులోంచి నన్ను చర్రున చింపారు. నాకంటే ముందు చింపిన ముక్క ఒక రిటైరైన మాస్టారి పడక్కుర్చీకి వెళ్ళింది. నా తరవాతి ముక్క సోడా బండి మీద నీడకి వెళ్ళింది. మధ్య ముక్కను పోలీసులు కొన్నారు. మేం ముగ్గురం ఒక్క తానువాళ్ళమే. ఒకడు కూర్చోబెట్టాడు, ఒకడు నీడనిచ్చాడు, నేను మాత్రం లేచిపొమ్మని చెప్పే పనిలో చేరాను. ఇందులో నా ఎంపిక ఏమీ లేదు. అయినా ఆ పనిలో చేరినందుకు మొదట్లో నేను బాధపడలేదు సరికదా, మురిసిపోయాను. అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

స్టేషను వాళ్ళు నన్ను దర్జీ మస్తాను దగ్గరికి పంపారు. రెండు చివర్లా వెదురు కర్రలు దూర్చడానికి గొట్టాల్లా కుట్టమన్నారు. మస్తాను పనితనం ఉన్న మనిషి. చెప్పిందొకటే చేసి ఊరుకునే రకం కాదు. "ఎర్ర రంగుతో రాస్తారు కదండీ, అది వెనక్కి దిగితే మరకలు మరకలుగా అసహ్యంగా ఉంటాది. ఎనక కూడా నీటుగా ఉండాల" అని, ఎవరూ అడక్కుండానే నా వీపుకి తెల్లటి లాంగ్‌క్లాత్ లైనింగు వేశాడు. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ తరవాత ఆర్టిస్టు కామేశం అనే ఆయన సినిమా పోస్టర్లు రాసే కుంచెతో నా ముఖం రాశాడు. పైన పెద్దగా "హెచ్చరిక". కింద "ఇది చట్టవిరుద్ధమైన సమావేశం. వెంటనే చెదిరిపోండి. లేకపోతే బలప్రయోగం జరుగుతుంది." హెచ్చరిక అన్న మాటకి కింద నల్లటి నీడ కూడా వేశాడు, అప్పట్లో భయం పుట్టించే సినిమాల పేర్లకి వేసినట్టు. ఎస్సై గారు వచ్చి చూసి "బావుందయ్యా, నాకే భయమేస్తోంది" అని మెచ్చుకున్నారు.

చట్టం మర్యాదస్తురాలని అప్పుడు నాకు అనిపించింది. జనాన్ని ఉన్నపళంగా కొట్టకూడదట. ముందు చెప్పాలట, చెప్పినా వినకపోతేనే కొట్టాలట. ఆ చెప్పే పని నాది. అంటే దెబ్బకీ మనిషికీ మధ్య నిలబడేది నేనే! ఇంతకంటే పుణ్యకార్యం ఏముంటుంది? ఇలా అనుకుంటూ స్టేషను బీరువా మీద చుట్టలా పడుకుని ఉండేదాన్ని.

నా ఒక కర్ర దాలినాయుడిది. ఆయన కానిస్టేబులు. పొడగరి, మితభాషి, చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అలాంటి వాళ్ళ వల్లే ప్రపంచం నడుస్తుందంటారు. ప్రపంచంలో సగం అనర్థాలు కూడా వాళ్ళ చేతుల మీదుగానే జరుగుతాయని ఆయన్ని దగ్గరగా చూశాక నాకు తెలిసింది. రెండో కర్ర హోంగార్డు ఎర్రయ్యది. ఎర్రయ్యకి చదువు రాదు. అందుకని నా మీద ఏముందో ఆయనకి ఎప్పుడూ బెంగ లేదు.

ఏటా ఒకసారి పరేడ్ గ్రౌండులో మాబ్ డ్రిల్ జరిగేది. అల్లరి మూకను ఎలా చెదరగొట్టాలో పోలీసులు తమలో తాము ఆడుకునే నాటకం అది. సగం మంది లుంగీలు కట్టుకుని జనం అయిపోయేవాళ్ళు. నిజం జనం కంటే వాళ్ళే బాగా అరిచేవాళ్ళు. ఏడాదంతా "ఎస్ సార్" అని అరిగిపోయిన గొంతులు కదా, ఆ ఒక్క పూటా జిందాబాదులు కొట్టుకుని తనివి తీర్చుకునేవి. వాళ్ళు మైదానం అవతల ఉండేవాళ్ళు. ఇవతల లాఠీల వరస. వరస వెనకాల షామియానా కింద కుర్చీలో ఎస్పీ గారు.

"బ్యానర్!" అని కేక పడగానే దాలినాయుడూ ఎర్రయ్యా వరస ముందుకు పరుగెత్తి, చెరో పక్కకీ నడిచి నన్ను విప్పేవాళ్ళు. మొదటి ఏడాది నా ముఖాన్ని జనం వైపే పెట్టారు. షామియానా కింద నుంచి ఎస్పీ గారు "ఏమిటయ్యా ఆ తెల్లగుడ్డ? అక్షరాలేవీ?" అని గద్దించారు. దాలినాయుడు బెదిరిపోయి నన్ను తిప్పేశాడు. ఎస్పీ గారు చదువుకుని తృప్తిగా తల ఊపారు. అంతే, ఆ ఏటి నుంచి నా ముఖం ఎప్పుడూ ఎస్పీ గారి వైపే. అవతల జనం వేషంలో ఉన్న కానిస్టేబుళ్ళు నన్ను చదవాల్సిన అవసరం ఏముంది? కేక పడితే పారిపోవాలని వాళ్ళకి ముందే తెలుసు. తరవాత ఎస్పీలు మారారు, ఎస్సైలు మారారు. దాలినాయుడి చేతులకి ఆ అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. నాకూ తెలుసు, ఇది తప్పని. డ్రిల్లే కదా అని సరిపెట్టుకున్నాను.

ఒక వేసవిలో ఊళ్ళో రెండు పార్టీల వాళ్ళు జెండా దిమ్మ దగ్గర తన్నుకున్నారు. తలలు పగిలాయి. వెంటనే ఊరంతటికీ నూట నలభై నాలుగో సెక్షను పెట్టేశారు. ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది ఒకచోట చేరకూడదు, ఊరేగింపులు చేయకూడదు. తన్నుకున్న నాయకులిద్దరూ ఆ వారంలోనే ఒక పెళ్ళిలో ఒకే బంతిలో కూర్చుని భోంచేశారు. బంతిలో ఐదుగురికి మించే ఉన్నారు గానీ, పెళ్ళికి ఆ సెక్షను వర్తించదట. సెక్షను సంగతి జీపుకి మైకు కట్టి చాటించారు. జీపు మెయిన్ బజారు తిరిగింది, కొత్త కాలనీ తిరిగింది. సున్నంబట్టీల పేటకి మాత్రం వెళ్ళలేదు. ఆ పేట మెట్ట మీద ఉంటుంది, జీపు ఎక్కే దారి లేదు. మంచినీళ్ళ ట్యాంకరు ఎక్కకపోవడానికి కూడా అదే కారణం.

అక్కడ కుళాయిలు ఎండిపోయి చాలా రోజులైంది. ఆడవాళ్ళు ఎవరెవరికో చెప్పుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఖాళీ బిందెలు తీసుకుని మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరారు. ముందు వరసలో నూకరత్నం ఉంది. భర్త పోయిన మనిషి, కూతుర్ని ఒంటిచేత్తో పెంచుకొస్తోంది. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ఆ చదువు పుణ్యమా అని పేటలోని అంగన్‌వాడీలో ఆయాగా ఎంపికైంది. ఆర్డరు చేతికి రావడం ఒక్కటే తరువాయి. రానుపోనూ మెట్ట ఎక్కి దిగి నీళ్ళు మోసే కూలిపని మానేసి, నెలకింత అని జీతం తెచ్చుకునే బతుకు ఆమెకి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఇవన్నీ నాకు తరవాత కోర్టులో తెలిశాయి. ఆ రోజు నాకు తెలిసిందల్లా ఆమె చంకలో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె ఉందని మాత్రమే.

ఆఫీసు గేటు ముందు వాళ్ళు నిలబడి బిందెల మీద చేతులతో, గరిటెలతో వాయించడం మొదలుపెట్టారు. ఖాళీ బిందెలు చేసే చప్పుడు సామాన్యమైంది కాదు. ఎస్సై గారు ఏదో అరిచారు, అది పక్కనున్న నాకే వినపడలేదు. మైకేమో జీపుతో పాటు జెండా దిమ్మ దగ్గరే ఉంది. ఆయనకి ఒళ్ళు మండింది. ఊళ్ళో సెక్షనుండగా తన కళ్ళ ముందే ఇంతమంది చేరారంటే పైవాళ్ళు ఊరుకుంటారా? "బ్యానర్!" అని కేక వేశారు.

దాలినాయుడూ ఎర్రయ్యా పరుగెత్తుకొచ్చి, చెరో పక్కకీ నడిచి, నన్ను విప్పారు. డ్రిల్లులో విప్పినట్టే విప్పారు. నా ముఖం లాఠీల వైపుంది. వీపు బిందెల వైపుంది.

దాలినాయుడు నా అక్షరాలు నిటారుగా ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాడు. "హెచ్చరిక" అని కళ్ళతో చదువుకున్నాడు. ఎస్సై గారూ చదువుకున్నారు. లాఠీలు పట్టుకున్న వాళ్ళంతా చదువుకున్నారు. చెదిరిపొమ్మని చెదరగొట్టేవాళ్ళకే చెప్పి ఊరుకున్నాను నేను. అవతల ఏం జరుగుతోందో నాకు కనపడలేదు, వినపడింది.

బిందెల చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది. నూకరత్నం గొంతు వినిపించింది. "ఆగండే, ఆగండి! తెర కడతన్నారు. కమీషనరు గారు బైటికొస్తన్నట్టున్నారు. కూకోండి, అందరూ కూకోండి. గోల సేత్తే ఆయన మాటాడరు."

అందరూ బిందెలు బోర్లించి, వాటి పక్కన మట్టిలో కూర్చున్నారు. ఎవరో పసిపిల్లని ఊరుకోబెడుతున్నారు. తెల్లగుడ్డ చూసి వాళ్ళు మర్యాదకి మర్యాద చేశారు. ఇవతల నుంచి ఎస్సై గారికి కనపడిందేమిటి? హెచ్చరిక చూపించినా పోకపోగా, బైఠాయించారు. ఇక ఆయన ఆగలేదు. విజిల్ ఊదారు.

నేను మధ్యలో నిలబడతానని, దెబ్బకీ మనిషికీ అడ్డం ఉంటానని అనుకున్నానే, ఆ లాఠీలు నా రెండు పక్కల నుంచీ దూసుకుపోయాయి. ఒక లాఠీ నూకరత్నం కుడి మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ప్లాస్టిక్ బిందె దొర్లుకుంటూ వచ్చి నా కింద ఆగింది.

అంతా అయ్యాక నన్ను చుడుతూ దాలినాయుడు ఆగిపోయాడు. నా ముఖం తన గుండెకి ఆనుకుని ఉంది. ఆయన ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి దుమ్ములో బోర్లించి ఉన్న బిందెల్ని చూశాడు. ఎస్సై గారి దగ్గరికి వెళ్ళి గొణిగాడు.

"సార్, అచ్చరాలు మన పక్కే ఉండిపోయాయండి. ఆళ్ళకి తెల్లగుడ్డే కనపడుంటాది."

ఎస్సై గారు సిగరెట్టు వెలిగించుకుంటూ అడిగారు. "బ్యానరు చూపించావా లేదా?"

"చూపించానండి."

"అంతే కావాలి. ఎవరికి చూపించావని ఎవరూ అడగరు. వెళ్ళు."

నిజమే, చాలా కాలం ఎవరూ అడగలేదు. నిషేధాజ్ఞలు ఉల్లంఘించారని, హెచ్చరించినా చెదిరిపోలేదని ఆడవాళ్ళ మీద కేసు పెట్టారు. ముందు నిలబడింది గనక నూకరత్నం మొదటి ముద్దాయి. హెచ్చరించారనడానికి నేనే సాక్ష్యం. నాకు చీటీ కట్టి, లక్క ముద్ర వేసి కోర్టు సామాన్ల గదిలో పడేశారు. అక్కడ సారా క్యాన్లూ, కత్తులూ, ఎవరో ఎత్తుకొచ్చిన సైకిలూ నాకు తోడు. అవన్నీ నేరస్తుల సామాన్లు, నేనొక్కదాన్నే పోలీసుల సామాను. కానీ ఆ గదిలో అందరికంటే సిగ్గుతో ముడుచుకుపోయింది నేనే. కత్తి ఒకర్ని పొడిస్తే పొడిచానని ఒప్పుకుంటుంది. నేను నోటితో ఒక మాట అని, అది వినాల్సిన వాళ్ళకి వినపడకుండా అన్నాను. పైగా అన్నానని సాక్ష్యం చెప్పడానికి కూర్చున్నాను.

కేసు ఉందని అంగన్‌వాడీ ఆర్డరు ఆపేశారు. కేసు కొట్టేస్తే ఇస్తామన్నారు, శిక్ష పడితే ఇక ఆ ఆశ వదులుకోవలసిందే. అందుకని నూకరత్నం ఒక్క వాయిదా కూడా తప్పలేదు. సామాన్ల గది కిటికీ కోర్టు వరండాలోకి ఉండేది. ఆమె ఆ కిటికీ కిందే కూర్చునేది. కుడి మోచెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, పూర్తిగా చాపలేకపోయేది. దాలినాయుడికి అప్పుడప్పుడూ అక్కడ కాపలా డ్యూటీ పడేది. మొదట్లో ఆయన ఆమె ఉన్న వైపు వచ్చేవాడు కాదు. ఒకరోజు ఆమే పిలిచింది.

"బాబూ, ఆయేళ ఆ తెర పట్టుకున్నాయన నువ్వే కదూ?"

ఆయన తల ఊపాడు.

"ఎందుకు కట్టినారు బాబూ ఆ తెర? కమీషనరు గారొస్తారేటో అనుకుని అందర్నీ నానే కూకోబెట్టినాను. ఆళ్ళు నిలబడుంటే పారిపోయుందురు. నా మాటిని కూకున్నారు, దెబ్బలు తిన్నారు. పేటలో ఇప్పుడు నా మొకం సూత్తే నాకే ఎలాగో ఉంటాది."

దాలినాయుడు కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమెకిచ్చి, గబగబా వెళ్ళిపోయాడు. కిటికీ లోపల నేను కుమిలిపోయాను. అందర్నీ కూర్చోబెట్టిన తప్పు తనదని ఆమె ఇన్నాళ్ళూ మోస్తోంది! నేను చేసిన పనికి ఆమె తలవంచుకుంటోంది. నాకు కాళ్ళుంటే ఆ పూటే కిటికీలోంచి దూకి ఆమె ముందు పరుచుకుని నా రెండు వైపులూ చూపించేదాన్ని. గుడ్డకి కాళ్ళుండవు. కాళ్ళున్న వాళ్ళు తలోదారినా నడిచి వెళ్ళిపోయారు.

చివరికి కేసు విచారణకొచ్చింది. ఆడవాళ్ళ తరఫున వకీలు జోగారావు గారు. మంచివారే, కానీ నిద్రమత్తు మనిషి. ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటరు చురుకైనవాడు. బంట్రోతు నన్ను విప్పి అక్షరాలు మేజిస్ట్రేటు గారి వైపు పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివారు. జోగారావు గారు లేచి "పేటలో ఆడవాళ్ళకి చదువు రాదండి, బ్యానరు చూపించినా ఏం తెలుస్తుంది?" అన్నారు. ప్రాసిక్యూటరు నవ్వాడు. మొదటి ముద్దాయి ఎనిమిది చదివిందనీ, ఆ చదువు మీదే అంగన్‌వాడీకి ఎంపికైందనీ చెప్పాడు. చదవగలిగీ, చదివీ, పోకుండా కూర్చుందన్నాడు. ఏ చదువు ఆమెకి ఉద్యోగం తెచ్చిపెట్టాలో ఆ చదువే ఆమె మీద సాక్ష్యమై కూర్చుంది. జోగారావు గారు మళ్ళీ కూర్చుండిపోయారు.

దాలినాయుడు బోనెక్కాడు. బ్యానరు చూపించారా అంటే చూపించామన్నాడు. ఎంతసేపు చూపించారంటే చాలాసేపన్నాడు. జనం పోయారా అంటే లేదు, కూర్చున్నారన్నాడు. అన్నీ నిజాలే. ఇన్ని నిజాలు కలిసి ఇంత పెద్ద అబద్ధం అవుతాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన హెడ్ కానిస్టేబులు ప్రమోషను కాగితం ఎస్సై గారి సంతకం కోసం ఆగి ఉంది. ఎస్సై గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

ఆయన దిగిపోబోతుంటే మేజిస్ట్రేటు గారు అడిగారు. ఆవిడకి అనుమానమేమీ లేదు, దృశ్యం కళ్ళకి కట్టడం లేదంతే. "ఆగండి. ఆ రోజు ఎలా పట్టుకున్నారో ఒకసారి పట్టుకుని చూపించండి. నేను జనం అనుకోండి. ముద్దాయిలు కూర్చున్న వైపు మీ వాళ్ళు ఉన్నారనుకోండి."

దాలినాయుడు ఒక కర్ర పట్టుకున్నాడు. ఎర్రయ్యని పిలిస్తే వచ్చి రెండో కర్ర పట్టుకున్నాడు. దాలినాయుడి అరచేతులు చెమటతో తడిసిపోయి ఉన్నాయి. ఆ తడి వెదురుకి, వెదురు నుంచి నాకు అంటుకుంది. తలుపు దగ్గర ఎస్సై గారు వేలితో గాల్లో చిన్నగా ఒక చుట్టు చుట్టారు. తిప్పి పట్టుకోమని. దాలినాయుడు ఆ వేలు చూశాడు. తరవాత ముద్దాయిల బెంచీ వైపు చూశాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నూకరత్నాన్ని చూశాడు.

ఆయన రెండో పక్కకి నడవమని ఎర్రయ్యకి సైగ చేశాడు. నేను విచ్చుకున్నాను. మేజిస్ట్రేటు గారికి తెల్లటి లాంగ్‌క్లాత్ కనపడింది.

ఆవిడ అన్నారు. "తిప్పండి. ఏమీ కనపడటం లేదు."

"ఇలాగేనండి పట్టుకున్నది," అన్నాడు దాలినాయుడు. "ఆ రోజూ ఇలాగే పట్టుకున్నామండి. ఆళ్ళకీ ఏటీ కనపళ్ళేదండి."

జోగారావు గారికి నిద్రమత్తు వదిలిపోయింది. నాకు మాత్రం ఆ క్షణంలో నా ముఖం ముందు ఏం జరుగుతోందో బాగా తెలిసింది. మేజిస్ట్రేటు గారు జనమైతే, ముద్దాయిలు పోలీసుల జాగాలో ఉన్నారు కదా. నా ముఖం మొదటిసారి నూకరత్నానికి ఎదురుగా ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఒక్కొక్క మాటే కూడబలుక్కుని నన్ను చదువుతోంది. చదవడం పూర్తయ్యాక ఆమె ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఏదో వెతుక్కుని, దొరక్క, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

కేసు కొట్టేశారు. ఆడవాళ్ళు వరండాలో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నా పాపం సగం కడుక్కున్నట్టయిందనుకున్నాను. అక్కడితో అయిపోతే ఎంత బావుండేది! నూకరత్నం తీర్పు నకలు పట్టుకుని అంగన్‌వాడీ ఆఫీసుకి వెళ్తే, ఆ ఖాళీ ఎన్నాళ్ళో ఆపలేమని, ఏడాది క్రితమే వేరే అమ్మాయిని వేసేశామని చెప్పారట. ఎవరి తప్పూ కాదన్నారట. దాలినాయుడి ప్రమోషను కాగితం మీద సంతకం పడలేదు. ఆయన్ని కొండ మీది ఔట్‌పోస్టుకి బదిలీ చేశారు. ఎస్సై గారు సీఐ అయ్యారు.

ఈ వ్యవహారం నుంచి పైవాళ్ళు ఒక పాఠం నేర్చుకున్నారు. ఇక ముందు బ్యానర్ల మీద రెండు వైపులా రాయించాలని ఉత్తర్వు వచ్చింది. నా జాగాలో వచ్చిన కొత్త బ్యానరుకి తెల్లవైపు లేదు. ఎటు పట్టుకున్నా చెదిరిపొమ్మనే అంటుంది. నీళ్ళడగడానికి వచ్చిన వాళ్ళని ఎందుకు చెదిరిపొమ్మనాలని మాత్రం కోర్టులోనూ ఎవరూ అడగలేదు, ఉత్తర్వులోనూ ఎవరూ రాయలేదు.

కోర్టు నుంచి తిరిగొచ్చాక నేను స్టేషన్లో జీపు స్టెప్నీ టైరు మీద కప్పుకి పనికొచ్చాను. కొన్నేళ్ళకి దాలినాయుడు రిటైరై, ఆఖరి కాగితాల కోసం స్టేషనుకి వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టి, "ఇది నేను పట్టుకుపోవచ్చా అండీ?" అని అడిగాడు. కాగితాలు రాసే రైటరు నవ్వి పట్టుకుపొమ్మన్నాడు. ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్ళలేదు, తిన్నగా సున్నంబట్టీల పేటకే తీసుకెళ్ళాడు.

నూకరత్నం ఇంటి ముందు పొయ్యి పెట్టుకుని పునుగులు వేస్తోంది. జుట్టు నెరిసింది. గరిటె ఎడంచేత్తో తిప్పుతోంది. దాలినాయుడు చెప్పులు విప్పి, దూరంగా నిలబడ్డాడు.

"నూకరత్నమ్మా, నీ కాడికి రావాలని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటన్నాను. దయిర్యం సాల్లేదు. తప్పైపోనాది. ఆయేళ దీన్ని సరిగ్గా పట్టుకునుంటే నువ్వు సదువుకుని అందర్నీ ఎనక్కి తీసుకెల్లిపోయుందువు. సెయ్యి ఇరిగీది కాదు. ఉజ్జోగం పోయీది కాదు."

ఆమె వాయి తీసి, జల్లిబుట్టలో పోసి, అప్పుడు తలెత్తింది.

"కోర్టులో సదివినాను బాబూ దీన్ని. రెండుపాల్లు సదివినాను. నీళ్ళిత్తామని ఎక్కడన్నా రాసుందేమోనని ఎతికినాను. ఎల్లిపోండని తప్ప మరేటీ నేదు." గరిటె పొయ్యి అంచున ఆనించింది. "నువ్వు సరిగ్గా పట్టుకున్నా నాను ఎల్లిపోయుందును కాదు. ఇంటికెల్తే తాగడానికేటుంది?"

ఇన్నేళ్ళూ దాలినాయుడు ఆ ఒక్క తప్పునే పట్టుకుని బతికాడు, నేనూ బతికాను. మస్తానుని తిట్టుకున్నాను, ఎస్పీ గారిని తిట్టుకున్నాను, నా లైనింగుని తిట్టుకున్నాను. ఎటు తిప్పారన్నదే నా బాధ. ఆమె ఒక్క మాటతో ఆ ముసుగు కూడా తీసేసింది. తప్పు నా తెల్లవైపుది కాదు. ఆ పూట వాళ్ళకి ఎంతో కొంత మర్యాద చూపించింది, కూర్చుంటే ఎవరో వచ్చి మాట్లాడతారన్న ఆశ పుట్టించింది, నా తెల్లవైపే. తప్పంతా నా ముఖం మీదే ఉంది. దాన్ని మోస్తూ పుణ్యకార్యం చేస్తున్నానని నేను మురిసిపోయాను.

"కూకో బాబూ, రెండు పునుగులు తిను," అంది నూకరత్నం. తరవాత నన్ను ఎడంచేత్తో తడిమి చూసింది. "గుడ్డ మందంగానే ఉంది. ఇది నాకిచ్చీ. ట్యాంకరు కాడ నీడ నేక మాడిపోతన్నాం."

ట్యాంకరు ఇప్పటికీ మెట్ట ఎక్కదు. దిగువన రోడ్డు పక్కన ఆగుతుంది. అక్కడ నాలుగు గుంజలు పాతి నన్ను కట్టారు. కట్టేటప్పుడు ఎవరో "ఏ పక్క కిందకెట్టాలి పిన్నీ?" అని అడిగారు.

"అచ్చరాలు పైకెట్టండి," అంది నూకరత్నం. "తెలుపు మన పక్కుండనీ."

ఇప్పుడు నేను చేస్తున్న పని అదే. మా తానువాడు సోడా బండి మీద ఎప్పుడో చేసిన పని. పొద్దుటే ఆడవాళ్ళు బిందెలతో నా కిందకి చేరతారు. ఐదుగురికి మించే ఉంటారు, ప్రతి రోజూ. నవ్వుకుంటారు, తిట్టుకుంటారు, కమీషనరుని ఆడిపోసుకుంటారు. ఊళ్ళో సెక్షను పెట్టిన రోజుల్లో జీపు ఈ రోడ్డు మీదే వెళ్తుంది, వీళ్ళని చూసి కాస్త నెమ్మదిస్తుంది. అప్పుడు నా కింద మాటలు ఆగిపోతాయి. నూకరత్నం మాత్రం ఎడంచేత్తో బిందె పట్టుకుని జీపు వెళ్ళిపోయేదాకా అటే చూస్తూ నిలబడుతుంది.

వెళ్ళిపొమ్మన్న మాట నా ముఖం మీద ఇంకా ఉంది. పగలంతా ఎండకీ, కాకులకీ చెబుతుంటాను. అవి వినిపించుకోవు. రంగు వెలిసిపోయింది గానీ, పైన "హెచ్చరిక" ఇంకా చదవచ్చు. గాలి గట్టిగా వీస్తే నాకు భయమేస్తుంది. ముడి ఊడి నా మూల ఒకటి కిందకి వాలితే, ఆ ఎర్రటి మాట మళ్ళీ వాళ్ళ నెత్తి మీద వేలాడుతుంది. మొన్న అలాగే వాలింది కూడా. నూకరత్నం బిందె దించి, వంకర చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తి, ఆ మూలని పైకి మడిచి గుంజకి గట్టిగా కట్టింది.